రెండో ఫిల్ము

అది 1986 ఎండాకాలం. కవల తమ్ముడు వీరప్పను పట్నం దవాఖానలో చేర్చి, జహీరాబాద్ బస్టాండులో దిగిన భర్తకు భార్య ఎదురొచ్చింది. అతని చేతిలో రెండు పెద్ద కవర్లున్నాయి.

“వీరప్పకు ఏమైందన్నరు?”

“తలకాయకు ఫిల్ము తీసిన్రు. అందరి మెదడుల నీళ్లుండే అరలు ఉంటయంట. వానియి జర పెద్దగైనయంట.”

“అంటే చేతబడి కాదా?”

“కాదు, జబ్బే. స్కిజోఫ్రెనియా అన్నరు. ఎవ్వరు లేకున్నా వానికి మాటలు ఇనబడేది ఆ జబ్బుతోనేనంట. ఏండ్లకేండ్లు గోలీలు మింగాలె.”

“మరి ఆ రెండో కవరు?”

“నాది. కవలలం గదా, పక్కపక్కన పెట్టి చూస్తమని నాకు గూడ తీసిన్రు.”

“ఏముంది దాంట్ల?”

“ఏం లేదు. నా అరలు చిన్నగనే ఉన్నయంట. ఫికర్ చేయొద్దన్నరు.”

“మరి మొఖం గట్లెందుకున్నది?”

“మిషన్ల పండుకున్నప్పుడు ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచిన్రు. లేచి చూస్తే గదిల ఎవ్వరు లేరు.”

“డాక్టరుకు చెప్పిన్రా?”

“చెప్పలే. చెప్పొద్దన్నడు.”

“ఎవరు?”

“పిలిచినాయన.”

ఆమె కవర్లు అందుకుని, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నడువుండ్రి. ఇప్పుడే మళ్ల పట్నం పోదాం.”

“పోవద్దంటున్నడు.”