జేబుల మౌస్

బోధన్‌లో ఒక ఇల్లు, సాయంత్రం. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూచే కాంటా పని ముగించుకొని రాజశేఖర్ అప్పుడే వచ్చాడు. భార్య అఖిల కంప్యూటర్ ముందు కూర్చుంది. తల్లి సాయవ్వ గడప దగ్గర బీడీలు చుడుతోంది.

"అబద్ధం."

"నిజం."

"అఖిలా, నాతోని మజాక్ జెయ్యకు. మౌస్ నా జేబుల ఉన్నది. ఇగో, సూడు. పొద్దుగాల పీక్కొని పోయిన. ఇప్పటిదాంక యార్డంత నాతోనే తిరిగింది. మౌస్ లేకుండ నౌకరి ఆప్షన్ ఎట్ల పెట్టినవ్?"

"వేళ్లతోని పెట్టిన."

"సక్కగ చెప్పు."

"సక్కగనే చెప్తున్న. సిరికొండ హాస్టల్ బడి, తెలుగు టీచరు. నా ర్యాంకుకు మిగిలింది అదొక్కటే. ఇయ్యాల అయిదింటికల్ల పెట్టకుంటే నౌకరి పోతుండె. పెట్టిన. అయిపోయింది."

"నేను వద్దన్న గదా?"

"అన్నవ్. ఇన్న. ఇని పెట్టిన."

"నెట్ సెంటర్‌కు పోయినవా? నువ్వొస్తే కూసోనియ్యొద్దని వానికి చెప్పే పోయిన."

"తెల్సు. నన్ను చూడంగనే షటర్ సగం గుంజిండు పాపం. తిరిగొచ్చి ఈ కుర్చీలనే కూసున్న."

"మరి ఎవల మౌస్ అడుక్కొచ్చినవ్?"

"ఎవలదీ తేలే. నేను పనిచేసిన ప్రైవేటు బడి యాదికున్నదా? పిల్లలు ఖరాబ్ జేస్తరని పెద్దసారు మౌసులన్ని బీరువల వెట్టి తాళమేస్తుండె. కీబోర్డు బటన్లతోనే పిల్లలకు కంప్యూటర్ నేర్పిన. మౌస్ దాసిపెట్టేటోళ్లు నాకు కొత్త గాదు."

"పేజీ గూడ బంద్ జేసి పోయిన గదా!"

"జేసినవ్. ఇగో, ఇప్పుడు నేను గూడ బంద్ జేస్త. కంట్రోల్ పట్టుకొని డబ్ల్యు. పోయిందా? ఇగ నువ్వు కంట్రోల్, షిఫ్ట్, టి మూడు ఒక్కపారి ఒత్తు. ఒత్తు, కరువదు."

"ఒత్తిన... అరె! మల్ల వచ్చింది."

"పొద్దుగాల నువ్వు మూసింది గూడ గిట్లనే లేచొచ్చింది. అక్షరాలు సన్నగున్నయా? కంట్రోల్ పట్టుకొని ప్లస్ ఒత్తు."

"నాకు పాఠం చెప్పకు."

"ఒత్తినవ్ గదా మరి."

"... పెద్దగైనయి."

"ట్యాబ్ ఒత్తుకుంట పోతే ఒక్కొక్క గడి దాటుకుంట పోతది. ఎక్కువ దాటితే షిఫ్ట్ పట్టుకొని ట్యాబ్ ఒత్తు, ఎన్కకొస్తది. ఊర్ల పేర్లకాడ ఎస్ కొట్టిన, కింది బాణం ఒత్తిన, సిరికొండ దొరికింది. టిక్కు పెట్టాలంటే స్పేస్. పంపాలంటే ఎంటర్. గంతే."

"గంతేనా?"

"గంతే. దీనికోసం పొద్దంత జేబు బరువు మోసినవ్."

"నవ్వకు! సిరికొండ అంటే ఏమనుకుంటున్నవ్? గుట్టలు, అడివి. రెండు బస్సులు మారాలె. రాత్రిళ్లు గూడ హాస్టల్లనే ఉండుమంటరు. ఈడ వండుడెవలు? అవ్వనెవలు సూస్తరు?"

"వండుడు నువ్వు. అవ్వ సంగతి అవ్వనే అడుగు."

"నోరు మస్తు లేస్తున్నది."

"లేస్తది. నువ్వు గుర్రు కొట్టంగ చదివిన నేను. పొయ్యికాడ చదివిన, దవఖాన్ల లైన్ల నిలవడి చదివిన. పరీక్ష రాయంగ ఏమనలే, ర్యాంకొస్తే ఊరందరికి స్వీట్లు పంచినవ్. నౌకరి చేస్త అనంగనే మౌస్ పీకినవ్. నాకు కోపమొస్తున్నది. నిజంగ చెప్తున్న, మస్తు కోపమొస్తున్నది."

"అరె, నేనేమన్న కొట్టిన్నా, తిట్టిన్నా? అవ్వా, జర చాయ్ పెట్టు. తల్కాయ తిరుగుతున్నది."

"కట్టెల పొయ్యి ముట్టియ్యాలె బిడ్డ. ఆగు జర."

"కట్టెలెందుకు? మధ్యాన్నం గ్యాస్ బండ వచ్చె గదా?"

"... ఈ కట్ట కట్టినంక పెడ్త తియ్యి."

"ఆగాగు. అఖిలా, ఇప్పుడు యాదికొచ్చింది నాకు. నువ్వు బటన్లు ఎన్ని ఒత్తితే ఏంది! ఆఖర్ల ఓటీపీ వస్తది గదా? ఆ నంబరు కొడితేనే పక్కా అయితది. అది నా ఫోన్‌కొస్తది. దరఖాస్తుల ఉన్నది నా నంబరే."

"అవు. నీదే రాయిపిచ్చినవ్."

"ఫోన్ పొద్దంత నా చేతులనే ఉన్నది! మరెట్ల పోతది? ఆడనే ఆగిపోయి ఉంటది. అయిదు దాటింది. ఖతం. నౌకరి ఖతం, లొల్లి ఖతం."

"సంబురమైందా?"

"సంబురం గాదు... ఇంటికి మంచిదని."

"తెర మీద ఏమున్నదో సదువు. పెద్దగ జేసినవ్ గదా."

"సిరికొండ... ఆప్షన్ కన్ఫర్మ్... ఏ, గదెట్ల? నంబరు నేనెవలకు చెప్పలే!"

"మెసేజులు చూస్కో."

"సూస్త. ఏముంటది? ఇగో, మధ్యాన్నం ఒక్కటే వచ్చింది. ఇది గ్యాసోనిది. అవ్వ ఫోన్ జేసింది గదా, గ్యాసాయన గడపల నిలవడ్డడు, నీ ఫోన్‌కు నంబరొచ్చిందట, జల్ది చెప్పు అని. కాంట మీద బస్తా ఉండె, ఎన్కకెల్లి సేటు మొత్తుకోవట్టె. నంబరొక్కటి చూసి చెప్పిన. మీద ఏం రాసుందో... ఏం రాసుందో సదవలే. అవ్వా?"

"ఊఁ."

"గ్యాస్ బండ ఏది?"

"రాలే బిడ్డ."

"తెల్సే అడిగినవా?"

"తెల్సే అడిగిన. నీ పెండ్లాం వద్దన్నది, అబద్ధమాడకు అత్తమ్మ అన్నది. నేనే ఆడిన."

"నువ్వు నా తల్లివా, దాని తల్లివా?"

"మీ బాపు పెండ్లాన్ని."

"అంటే?"

"నువ్వింక పుట్టలే. గప్పుడు మేము పల్లెల ఉంటిమి, గక్కడ ఆడోళ్లకు రాత్రిబడి పెట్టిండ్రు. ఏడు సదివింది నేనొక్కదాన్నే, సదువు చెప్పుమని నన్ను పిలిసిండ్రు. తెల్లారితే బోధన్ల సంతకం పెట్టి పనిల చేరాలె. మీ బాపు కొట్టలే, తిట్టలే. నా చెప్పులు తీస్కపోయి చెరుకు తోటల దాసిండు."

"చెప్పులా?"

"చెప్పులే. పొద్దెక్కిందాంక వాకిలంత ఎతికిన. బస్సు పోయింది. గా పని ఇంకోళ్లకిచ్చిండ్రు. నేను బీడీల ఆకు ముందేసుకున్న."

"చెప్పులు లేవని పోకుండ ఉన్నవా అవ్వా?"

"గదే బిడ్డ. ఉత్త కాళ్లతోని గూడ పోవచ్చని నాకు గప్పుడు తోచలే."