నీడ పడని పూలు

వల్లూరు దగ్గర సోలార్ ప్లాంటు. తోటపని చేసే కాటమ్మ కొంగులో పూలగింజలు మూటగట్టుకుని ప్యానెళ్ళ సందులో మడి కడుతోంది. ఆమె తమ్ముడి కొడుకు, సెక్యూరిటీ గార్డు ఉమేశ్ వచ్చి నిలబడ్డాడు.

“ఈడొద్దు అంటాంటే వినవేంది అత్తా?”

“మల్లెచెట్టు పెడితే నీడ పడతాదని పెరికేసిరి. ఈ గింజల పూలచెట్లు జానెడు కూడా లేయవప్పా. నేలకంటుకోనే పూస్తాయంట. ప్యానెల్ మీద ఏం నీడ పడతాది?”

“నీడ మాట కాదు. ప్లాంటు సారు ఈ పూలు గేటు కాడ వేయమన్నాడు. వచ్చేపోయేవాళ్ళు చూస్తారని.”

“గేటు కాడ ఎవురుండారు నాకు? నా బిడ్డ ఈడ ఉండాది.”

“అత్తా...”

“ఈ నల్లగుండు రాయి పక్కనే కదా నయనను పూడ్చింది. నువ్వూ పిడికెడు మన్నేసినావు. మరిచిపోతివా?”

“మరిచిపోలా.”

“మన పొలం సోలార్‌కి ఇచ్చినాక దిన్నె కూడా లేకుండా మట్టం చేసేసిరి. పైన గుర్తు పోతే పోనీ, కింద బిడ్డ ఉండాది కదా. వాసనలేని పూలు తలలో పెట్టనిచ్చేదే కాదు. ఇవి తేనె వాసనంట. ఎండలకు చచ్చిపోతాయంట. పోనీ, ఏటేటా మళ్ళా గింజలు చల్తా.”

“ఈడికి నీళ్ళు అందవు.”

“బిందెతో మోస్తా.”

“ఈడ ఎండ...”

“ఉమేశూ, నా మొగం చూసి మాట్లాడు. నువ్వు ఈ పక్కకే రావంట. డ్యూటీ ఈడ పడితే మార్పించుకుంటావంట. ఏంది?”

“ఊరికే.”

“ఊరికేనా?”

“నా మాట విను అత్తా. గేటు కాడ చల్లు. రోడ్డు పక్కన.”

“మళ్ళా గేటు! గేటు కాడ ఏముండాదప్పా?”

“మన్ను.”

“ఏం మన్ను?”

“మట్టం చేసినప్పుడు ఈడంతా లోతుగా తోడినారు. ఆ మన్నంతా టిప్పర్లతో మోసి గేటు రోడ్డుకి పోసినారు.”

“ఈడ మన్నా?”

“ఈడ మన్నే. గుండు పక్కది. అంతా. ఇంక ఈడ ఏమీ లేదత్తా.”

“దినామూ ఆ రోడ్డు తొక్కే కదా నేను పనికొచ్చేది.”

“అందుకే చెప్తాండా, గేటు కాడ చల్లమని.”

“అప్పుడు నువ్వు టిప్పర్ తోలేకి పోతాంటివి.”

“అత్తా, నేను...”

“వద్దు. అది నేను అడగలా. గింజలు ఇంకా కొంగులోనే ఉండాయి. రోడ్డుకి ఏ పక్క పోసినావో, అది చెప్పు.”