సోములమ్మ కర్రల మోపు

ఏటమ్మా తేజస్వీ, హీటరెట్టి పది నిమషాలవనేదు, అప్పుడే బకిట్లో ఏలెట్టి సూసేత్తన్నావా? తియ్యి, తియ్యి. ముందు స్విచ్చి కట్టాల, పిన్ను పీకాల, అప్పుడు ముట్టుకోవాల. బేంకులో ఉజ్జోగం సేత్తన్నావు, ఇదెవలూ సెప్పనేదేటి? మేడ మీద గది అద్దెకిచ్చినందుకు నీకు కాపలా కూడా కాయాల నాను. కూకో ఇలాగ. అరకు సలికి బకిట్టు నీళ్ళు కాగాలంటే అరగంట పడతాది. ఈ రాడ్డుని సూత్తే నాకు సోములమ్మే గుర్తొత్తాది. ఎవలంటే, కొండ మీంచి సంత సంతకీ కర్రల మోపు అట్టుకొచ్చేది. కర్రలిచ్చి మా దుకాణంలో ఉప్పూ, ఎండుసేపలూ అట్టుకెళ్ళేది. పాతికేళ్ళు ఆ కర్రల్తోనే మా ఇంట్లో తానాలు. మనిషి పిడికెడు, నోరు మాత్రం బారెడు. మోపు దించి, "సావుకారమ్మా, మీ దిగువోళ్ళు ఇంత సలికి భయపడితే కొండకెందుకొచ్చినారు?" అనేది. నాను ఊరుకుంతానా, నీ కర్రలు మరెవలు కొంతారని వొచ్చినాం అనీదాన్ని.

ఓ సలికాలం మా ఆయన విశాపట్నం ఎల్లి హీటరు తెచ్చీసినారు. నాకు గొప్పొచ్చీసింది కదా, సోములమ్మని పిలిచి మరీ సూపించినాను. గొంతుక్కూకుని సూసింది, సూసింది. "పొగ నేదు, మంట నేదు. ఈ నీరు ఎవల్ని సూసి భయపడి ఉడుకుతంది సావుకారమ్మా?" అంది. స్విచ్చి కట్టి సెయ్యెట్టమన్నాను. పైన సుర్రుమంది. మోసెయ్యి దాకా ముంచితే అడుగు మంచులాగుంది. మరి రాడ్డు పొట్టిది, అంచుకి తగిలించినాం, దాని కింద నీరు కాగదు కదా. కలుపుకోవాలని నాకూ తెల్దు అప్పుడు. మీ కరెంటుకి నడుం వొంగదు అని ఒకటే నవ్వు. సంతకొచ్చినోళ్ళు కూడా నవ్వినారు. నాకు ఒళ్ళు మండి, "ఇంక నీ కర్రలక్కర్నేదు, తేకు" అనీసినాను. దాని నవ్వు ఆగిపోయింది. లెగిసి ఎల్లిపోయింది. నాను అక్కడితో ఊరుకున్నానా? పెరట్లో నీళ్ళ పొయ్యి పగలగొట్టించి, ఆ జాగాలో బంతిమొక్కలేసినాను. పొగరు కాపోతే ఏటి.

మరుసటేడు పెద్ద తుపానొచ్చింది. మా అమ్మాయి గంగ పురిటికొచ్చి ఉంది, పిల్ల పుట్టి తొమ్మిది రోజులు. స్తంభాలు పడిపోయినాయి, కరెంటు నేదు. గేసుబండ మూడోనాటికి అయిపోయింది, ఘాట్ రోడ్డు మూసుకుపోయింది, ఇంకో బండ రాదు. కర్ర కొందామంటే ఎక్కడ సూసినా నీరోడతన్నాదే. రెండ్రోజులు పిల్లని గుడ్డతోనే తుడిసినాం. ఆ పసిది సలికి ముడుసుకుపోతంటే పిల్ల దక్కుతాదా అని నాకు భయమేసింది. ఐదోనాడు పొద్దున్న సోములమ్మ దిగింది, నెత్తి మీద మోపు, దాని మీద పట్టా. పడిపోయిన సెట్లన్నీ దాటుకుని వొచ్చింది. మీ బకిట్టుకేటైంది అని అడక్కుండా ఉంటాదా? అడిగింది. నా మొకం సూసి మరి ఆపీసింది. నా బంతిమొక్కలు పీకీసి మూడు రాళ్ళెట్టింది. తడికర్ర, ఏటి మండుతాదిలే అనుకున్నాను. ఒక్క అగ్గిపుల్లకి పెళపెళమని అంటుకుంది. ఓ కర్ర సేతిలోకి తీసుకుందును కదా, దాన్నిండా మసి. ఆళ్ళిళ్ళల్లో పొయ్యి మీద అటక కట్టి, వానాకాలానికని కర్ర దాసుకుంతారమ్మా, పొగకి ఎండుతాదని. ఆ అటక కాళీ సేసి అట్టుకొచ్చీసింది మనిషి. రేపు మీ పొయ్యిలోకేటుంది సోములమ్మా అని నా నోటిదాకా వొచ్చింది. అడిగితే ఏటీ నేదంటాది. అంటే ఆ మోపు తిరిగిచ్చీయాల కదా. పిల్ల నా కాళ్ళ మీదుంది. అడగనేదు, నీళ్ళు పోసీసినాను. తరవాత నాలుగేళ్ళు బతికింది సోములమ్మ. పతీ సంతకీ దాని కర్రలే కొన్నాను, హీటరు మూల పడేసి. ఎన్ని కబుర్లాడుకున్నామో. ఆ ఒక్క మాటా అడగనేదు.

టీ ఎట్టనా? అల్లం ఏత్తాను.