లీవెన్ అన్న ఊపిరి

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధాన గురువులు ఆడ్రియన్ గారికి, ముందు వరుసలోని చర్చి పెద్దలకు, వాళ్ళ వెనక కూర్చుని ఎప్పుడు వడ్డిస్తారా అని వంటింటి వైపే చూస్తున్న తోటి గాయకులకు, చేపల బజారు అమ్మలకు, తలకు ఆకుల కిరీటం పెట్టించుకుని బలిపశువులా కూర్చున్న మా లీవెన్ అన్నకు నమస్కారం.

నేను గోసెన్‌ని, కింది గొంతు నాది. ఫ్లాండర్స్ దేశమంతా తిరిగి తిరిగి ఈ చర్చిలో పడ్డాను. పడ్డ రోజు నుంచీ లీవెన్ అన్న పక్కనే నిలబడ్డాను. మాకందరికీ కలిపి ఉన్నది ఒకటే పాటల పుస్తకం, తలుపంత ఉంటుంది. దాని చుట్టూ గుమిగూడి పాడతాం గనక ఎవరు ఉల్లిపాయ తిన్నారో, ఎవరు స్నానం ఎగ్గొట్టారో మాలో మాకు దాపరికం లేదు. (నవ్వులు) నువ్వు నవ్వకు బాల్డెవిన్, నీ గురించే చెబుతున్నాను.

చేపల బజారు అమ్మల కోసం ఒక మాట. పూజకు పాట కట్టేవాళ్ళు వీధిలో దొరికిన పాట ఏదో పట్టుకొచ్చి, ఒక్కో స్వరాన్నీ పాకంలా సాగదీసి, లాటిన్ మాటలు తొడిగి నడిమి గొంతుకు అప్పగిస్తారు. దాని పైనా కిందా మేం గంతులేస్తాం. ఆ సాగదీతలో అసలు పాటను దాని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. మన పండగ పూజలో అలా దాక్కున్నది "రొట్టెలమ్మీ, నీ బుట్టలో నా టోపీ ఏమైందే" అన్న పాట. (కలకలం) అవును, అదే! ఇన్నేళ్ళూ నడిమి గొంతుతో దాన్ని గుట్టుగా మోసినవాడు మా అన్న. ఆయన స్వరం అందుకున్నాక బాల్డెవిన్ బయటికెళ్ళి బీరు తాగి వచ్చినా, అన్న ఇంకా ఆ స్వరం మీదే ఉండేవాడు.

వయసు మీద పడింది, ఊపిరి తగ్గింది. ఊపిరి అయిపోగానే అన్న తరువాతి స్వరానికి దూకేస్తున్నాడు, మేం ఆయన వెనక పరుగో పరుగు. పూజ తొందరగా ముగుస్తోందని మీరంతా సంతోషించారు, నాకు తెలుసు. చివరికి ఈ ఈస్టరు నాడు సాగదీత పోయి, దాక్కున్న పాట బయటపడిపోయింది. హెర్రింగ్ చేపలమ్మే లైస్బెట్ గారు వెనక నుంచి ఆ పాటను టోపీ, బుట్టతో సహా అందుకుని పాడేశారు. బలిపీఠం దగ్గర గురువుగారి చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడే "లీవెన్‌కి ఇక విశ్రాంతి" అన్నారు.

విశ్రాంతి అంటే పుస్తకం దగ్గరికి రాకూడదని. నిన్న అన్న నాతో అన్నాడు: "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనురా గోసెన్? అంతంత స్వరాలు లాగినవాణ్ణి, మా ఆవిడ ముందు ఒక్క ముక్క పూర్తిచెయ్యలేను." (నవ్వులు) నేనూ నవ్వాను. తరువాత నవ్వు రాలేదు. ఆయన పక్కన లేకుండా పాడాలంటే నాకు భయంగా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అందుకని గురువుగారూ, ఒక మనవి. అన్న బదులు పాడడానికి గెంట్ ఊరి నుంచి వచ్చిన కొత్తాయన్ని అన్న పక్కనే నిలబెట్టండి. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు స్వరం పట్టుకుంటారు. పాట మళ్ళీ అడుగుకి పోయి దాక్కుంటుంది.

(అధ్యక్షులు: "కుదరదయ్యా. ఆ పాడు పాట మళ్ళీ నా చెవిన పడకూడదు.")

(వెనక నుంచి లైస్బెట్: "ఏం, ఆ పాటకేం రోగం? మా అమ్మ నాకు జోలపాడింది దాన్నే!")

అమ్మా, కూర్చో... అయ్యో, మొదలుపెట్టేసింది. (సభలో పాట) అదిగో, చేపల బజారంతా కలిసింది. బాల్డెవిన్, నువ్వెందుకురా బల్ల కొడుతున్నావు? (పాట ఆగింది) ఏమైంది? రెండో చరణం ఎవరికీ రాదా?

(వేదిక మీద నుంచి ఒక సన్నని గొంతు: "టోపీ అడిగే చిన్నవాడా, ముద్దుకు నువ్వే తాకట్టు పెట్టావుగా...")

(చాలాసేపు నవ్వులు)

గురువుగారూ! ఎంత చక్కటి గొంతు! ఎక్కడ నేర్చుకున్నారు?

(అధ్యక్షులు: "చదువుకునే రోజుల్లోలే. ఇక ఆపవయ్యా. ఉండమను. ఇద్దర్నీ నిలబెట్టు. మూడో చరణం మాత్రం నన్నడగొద్దు.")

విన్నారుగా అందరూ? లీవెన్ అన్న ఏడుస్తున్నాడు. వదినగారు లేచి ఏదో అంటున్నారు. ఏమిటమ్మా? "రేపు పొద్దున్నే పంపిస్తా, మళ్ళీ తిరిగి పంపకండి" అంటున్నారు. (నవ్వులు)

పిలిచిన పెద్దలకు, వచ్చిన అమ్మలకు, రెండో చరణం ఇచ్చిన అధ్యక్షులకు ధన్యవాదాలు. వీడ్కోలు సభ చెడిపోయింది. వండిన ఈల్ చేపల పులుసు చెడిపోకముందే లేవండి. నాకు సెలవిప్పించండి. మా అన్నకు మాత్రం ఇవ్వకండి.