పెద్దతల్లి సేతి కూడు

కూకో అల్లుడూ, ఆ మంచం మీదే కూకో. ఏటడిగినావు? బాబుకి కాస్త జొరమొస్తే సాలు, మీ ఆవిడ, మా జెస్సీ, డాక్టరుకి "మా వైపు మగోల్లకి మలేరియా మాత్ర పడదు, రకతం పరీచ్చ సేసే ఎయ్యండి" అని ముందే ఎందుకు సెప్పీస్తాదని కదూ? అది తెలియాలంటే నీకు పెద్దతల్లి సంగతి సెప్పాల. ఊరంతా అలాగే పిలిచీవోరు ఆయమ్మని. నువ్వు సూణ్ణేదు, పోయి శానా ఏల్లయిపోనాది. ఓలమ్మ, ఏం వొండీదనుకున్నావు! పీతల కూర పొయ్యి మీదుంటే ఈదంతా ముక్కులు ఎగబీల్చీది. మొగుడు పెల్లైన కొత్తలోనే పోనాడు, పిల్లల్లేరు, అన్న ఇంటి పక్కనే పాకేసుకుని ఉండీది. ఎవుడు కనిపించినా "తిన్నావేట్రా? రా, ఓ ముద్ద తినీసి పో." ఆయమ్మ బతుకంతా అదే మాట.

ఆ అన్న కొడుకు లూకా. లూకా తల్లి సువర్ణమ్మ, అంటే పెద్దతల్లికి వొదిన. సువర్ణమ్మ సెల్లి కొడుకే మరి మీ మావ ఏసుబాబు. సుట్టరికం తెలిసింది కదా? సరే. లూకాకి ఇరవయ్యేల్లుంటాయేమో, ఒడ్డూ పొడుగూ ఉన్న గుంటడు. సలిజొరమొచ్చింది, మలేరియా అని మాత్రలిచ్చినారు. "నోరు సేదుగుందత్తా" అని పెద్దతల్లి కాడికొస్తే పీతల కూరేసి అన్నం ఎట్టింది. తెల్లారేసరికి ఉచ్చ నల్లగా, కాఫీ డికాసనులాగ! కల్లు పచ్చబడిపోనాయి. టెక్కలి ఆస్పత్రికి తీసుకెల్లినారు గానీ దక్కలేదు. సవం కాడ సువర్ణమ్మది ఒకటే ఏడుపు, ఒకటే మాట: "నా ఆడపడుసు కూట్లో మందెట్టీసిందర్రా! పిల్లల్లేని కడుపుమంటకి నా కొడుకుని తినీసిందర్రా!" ఇంకేటుంది, ఆ దినం మొదలు ఆ గుమ్మంలో మంచినీల్లు తాగినోడు లేడు. సర్చిలో సాప మీద ఆయమ్మ పక్కన జాగా ఒగ్గీసీవోరు. క్రిస్మస్ ప్రేమవిందుకి కూరలు తరగడానికొస్తే పాస్టరమ్మ "నువ్వు కూకో పెద్దతల్లీ, మేం సూసుకుంటాం" అనీది, మెత్తగానే. ఇంటికెల్లి ఒక్క మనిసికే వొండుకునీది.

అలాగే పదమూడేల్లు. అప్పుడు మీ మావ మందస కొండలెంట జీడిపిక్కల బేరానికి తిరిగీవోడు. ఓ పాత మోటర్‌సైకిలుండీది, దాని సప్పుడికి కోల్లు పాకలెక్కీవి... ఆఁ, ఏటంటన్నాను? కొండల్లో తిరిగినోడికి మలేరియా కాక ఏటొస్తాది. మాత్రలేసుకున్నాడు, మూడోనాటికి అదే నలుపు! సువర్ణమ్మ సూసి "లూకాకీ ఇలాగే ఒచ్చిందర్రా" అంది. నలుగురూ సేరి "పెద్దతల్లి ఇంట్లో ఏటైనా తిన్నాడేటి?" అని. ఎక్కడ తిన్నాడు? ఎవుడు తిన్నాడు ఆ ఇంట్లో?

బరంపురం పెద్దాస్పత్రికి తీసుకెల్లినాం, పెల్లాన్ని కదా, నానూ ఎల్లినాను. రకతం ఎక్కించినారు. అక్కడి డాక్టరు ఒడియా ఆయన. "మీ అమ్మ సైడు ఎవరికైనా జొరం మాత్రకి ఇలా నల్లగా అయిందా?" అన్నాడు. లూకా సంగతి సెప్పినాం. ఆయన తలూపి, "ఆ బాబుని తిండి చంపలేదు. వీళ్ల రక్తంలో ఒక సరుకు తక్కువ, ఆ మాత్ర పడదు. తల్లికి ఏమీ ఉండదు, కొడుక్కి వస్తుంది; ఇతనికి కూతురు పుడితే ఆ కూతురి కొడుక్కీ రావచ్చు. మలేరియా పాతకాలం నుంచి ఉన్న జాగాల్లో ఇది ఎక్కువ. మా కొండల్లో ఉంది, అరబ్బుల్లో ఉంది, ఆఫ్రికాలో ఇంకా ఉంది. చలిదేశాల వాళ్లల్లో బాగా తక్కువ. పడని మందులు దూరం పెడితే నిండా బతుకుతాడు" అన్నాడు. మన ఉద్దానం కుర్రోడికీ ఆఫ్రికావోల్లకీ ఒకే తంటా ఏట్రా దేవుడా అనుకున్నాను నాను.

బస్సు దిగినోడు ఇంటికెల్లలేదు మీ మావ. తిన్నగా పెద్దతల్లి గుమ్మంలోకెల్లి "అత్తా, ఆకలేస్తంది, కూడెట్టు" అన్నాడు. ఆయమ్మ బిత్తరపోయి, "ఒద్దు నాయనా, సావు తప్పి ఒచ్చినావు. నీకేటైనా ఐతే మల్లీ నా మీదకొస్తాది." "నువ్వెడతావా, నన్నే ఒడ్డించుకోమంటావా?" తోటకూర పులుసుంది ఆ దినం. అరుగు మీద కూకుని, ఈదంతా సూస్తండగా కంచం ఊడిసి తినీసి, అప్పుడు సెప్పినాడు డాక్టరు మాట.

సువర్ణమ్మ ఎండలో నిలబడి అంతా ఇన్నాది. "ఐతే నా కొడుక్కి నానే ఇచ్చినానేట్రా అది?" అంది. "మా అమ్మా నాకిచ్చింది పెద్దమ్మా. తెలిసిచ్చినారేటి మీరు?" అన్నాడు. అప్పుడు పెద్దతల్లే లేచి సెంబుతో నీల్లట్టుకెల్లి "తాగొదినా" అంది. తాగింది. తాగి, ఆ సెంబు పట్టుకునే ఏడ్సింది. "నిన్నెన్ని మాటలన్నాను" అంటే, పెద్దతల్లి ఏటందో తెలుసా? "కడుపుకోత నీది. ఎవుల్నో ఒకల్ని అనకపోతే నువ్వు బతికుండవు. పరాయోల్ని అన్లేదు కదా, నన్నే అన్నావు."

తరవాతేటి, ఇద్దరికీ ఒకటే పొయ్యి. ఆ ఏడు ప్రేమవిందుకి గరిటె పెద్దతల్లిదే. రోజూ ఉప్పు కాడ తగువాడుకునీవోరు, ఎంత సుకంగా ఆడుకునీవోరని! పెద్దతల్లి పోయినంక సువర్ణమ్మ ఎవులింట్లో తిన్నా "బాగుంది గానీ..." అని ఆగిపోయీది. ఆ గానీ తరవాత ఏటని ఎవులమూ అడిగీవోల్లం కాదు.

...

మబ్బు పట్టీసిందల్లుడూ. లెగు, దొడ్లో పిక్కలారబోసినాను, ఓ సెయ్యెయ్యి.