ఆకు చాటు చేప

మలేసియాలోని పొంతియాన్ ఊరి చివర లారీ డ్రైవర్ రుస్లాన్ ఇల్లు. కూతురు ఇంతాన్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చే రోజు. వంటింటి గట్టు మీది గాజుతొట్టి దగ్గర రుస్లాన్, అతని రెండో భార్య హస్మా నిలబడి ఉన్నారు.

"ఇదేం చేపండీ? తోక ఎర్రగా మండిపోతోంది!"

"ఏదో ఒక చేపే కదా! చిన్నది, సిగ్గరిది కావాలంటే కొట్టువాడు ఇదే ఇచ్చాడు."

"సిగ్గా? వేలు పెడితే ఎదురొస్తోంది! ఇంతాన్ చేప ఎప్పుడైనా మన కంటపడిందా? చిటికెన వేలిలో సగం లేదు. గోధుమరంగు ఒళ్ళు, నల్లచారలు. ఎప్పుడు చూసినా ఆకు కిందే."

"అయితే ఆకు కింద ఉందని చెప్పు. నెలరోజులుగా ఫోన్లో చెబుతున్నది అదేగా."

"దెప్పకండి."

"దెప్పడం కాదే. అసలు పిల్ల తొట్టిలో నీళ్ళెందుకు పారబోశావు?"

"టీ డికాక్షన్‌లా నల్లగా ఉంటే కుళ్ళిపోయాయనుకున్నా. పైగా అందులో ఎండు బాదం ఆకులు. పిల్ల తొట్టి కదా, తళతళా కడిగి పెడదామనుకున్నా. అంతా కాలవలో గుమ్మరించాక చూస్తే చేపలేవీ? ఎంత వెతికానో తెలుసా, ఆ బురదలో మోకాళ్ళ మీద..."

"ఆ రోజే చెప్పేస్తే పోయేది."

"చెబుదామనే అనుకున్నా! ఫోనెత్తగానే ‘పిన్నీ, నా చేపల సంగతి...’ అంది. నేనొచ్చి రెండేళ్ళు. ఆ పిల్ల తనంతట తాను నన్ను పిలిచి మాట్లాడ్డం అదే మొదలు. ఎక్కడ మానేస్తుందోనని, బావున్నాయమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాయి అనేశా. మర్నాడు మళ్ళీ చేసింది. ఆ మర్నాడూ..."

"హస్మా, గేటు చప్పుడు! ఈ ఎర్రతోకని ఏం చెయ్యను?"

"గిన్నెలో దాచండి. వద్దు వద్దు... ఉండనివ్వండి. మీరు బయటికెళ్ళండి. నేనే చెప్తాను."

రుస్లాన్ పెరటి గుమ్మంలోంచి జారుకున్నాడు. ఇంతాన్ భుజాన సంచితోనే వంటింట్లోకి వచ్చింది.

"సలాం, పిన్నీ."

"రామ్మా. ఎండన పడి వచ్చావు. కొబ్బరిపాలతో నాసి లెమాక్ అన్నం వండాను, వడ్డించనా?"

"తర్వాత తింటాను. ఇదేంటి, ఈ ఎర్రతోక?"

"అది... మీ నాన్న తెచ్చారు. కూర్చో ఇంతాన్. నీ చేపలు లేవు. నేనే చంపేశాను."

"పిన్నీ..."

"చెప్పనీ. నువ్వెళ్ళిన మర్నాడే తొట్టి కడుగుతూ నీళ్ళతో పాటు పారబోశాను. ఫోన్లో చెప్పినవన్నీ అబద్ధాలు. మగది ఆకు కింద బుడగలతో గూడు కడుతోందనీ, గుడ్లకి కాపలా కాస్తోందనీ, పిల్లలయ్యాయనీ..."

"రెప్ప వెంట్రుకంత ఉన్నాయన్నారు."

"అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు."

"మీరు చంపలేదు."

"ఓదార్చకు. అది ఇంకా కష్టంగా ఉంటుంది."

"ఓదార్చడం కాదు. మీరు పారబోసిన నీళ్ళలో చేపల్లేవు. హాస్టల్‌కి వెళ్ళే ముందు రోజే తీసుకెళ్ళి వదిలేశాను. పామాయిల్ తోట వెనక చిత్తడి అడవిలో, వాటిని పట్టిన నల్లనీళ్ళ వాగులోనే."

"వదిలేశావా? నాకొక్క మాట చెప్పకుండానా? ఎందుకే?"

"మీరు చూసుకుంటారని నమ్మకం లేక."

"నా మీదా?"

"అలా చూడకండి. తప్పే. హాస్టల్‌కి వెళ్ళాక నాకే బాధనిపించింది. అది చెబుదామనే మొదటిసారి ఫోన్ చేశాను. మీరు చెప్పనివ్వలేదు."

"మరి నేను చెబుతున్నవి అబద్ధాలని తెలుసుగా? ఒట్టి తొట్టి గురించి రోజూ ఫోన్ చేసి ఎందుకడిగావే?"

"చేపల గురించి కాకపోతే... మీతో ఇంకేం మాట్లాడాలో నాకు తెలీదు పిన్నీ."