నలభై లెక్కపెట్టే లోపల

తీయమ్మా, తీ. ముందు ఆ తాంబూలం తీసి పక్కన పెట్టు. నా కాళ్ళ తావ కొబ్బరికాయ పెట్టేదేంది, నేనేమన్నా కొండ మీద దేవుణ్ణా? ఆర్టీసీలో ముప్పై నాలుగేండ్లు స్టీరింగు తిప్పిన మునిరత్నాన్ని. ముసలోణ్ణి. తీస్తావా లేదా?

ఏందీ? మాట చెప్పేదాకా తీయవా?

సరే, ఉండనీ. కూర్చో. అట్ల గోడకు ఆనుకుని నిలబడొద్దు అమలా, నాకు భయమేస్తాది. తిరపతి నుంచి బస్సులో నిలబడే వచ్చినావని నీ కాళ్ళే చెప్తా ఉండాయి. మళ్ళీ మూడు గంటల బస్సుకు పోవల్ల నువ్వు.

ఇంకొకసారి చెప్పు, నా బుర్రకు సరిగ్గా ఎక్కలేదు. మీ ఆయన వెంకటమునికి గుండె ఆపరేషను చెయ్యల్లన్నారు. ఈ పొద్దు సాయంత్రం ఆరు లోపల పెండ్లాం సంతకం పెట్టల్ల. పొద్దు దాటితే ఇంక చేసినా లాభం లేదన్నారు. నువ్వేం చేసినావు? పెన్ను కింద పెట్టేసి, ఆడబిడ్డను ఆస్పత్రిలో కూర్చోబెట్టి, బస్సెక్కి నగరికి వచ్చేసినావు. ఎందుకు? మునిరత్నం మామ వాక్కు వినకుండా సంతకం పెట్టవంట!

ఫోను చెయ్యొచ్చు కదమ్మా?

ఆ... అవునవును. నేనే చెప్పినాను. 'నా వాక్కు ఫోనులో పలకదు, ఎదురుగా కూర్చుంటేనే పలుకుతాది' అని. ఈ నోటితోనే, ఈ కుర్చీలోనే. అప్పుడు ఎంత బాగుండిందో ఆ మాట!

నువ్వు టీవీ పక్క సూస్తా ఉండావు. సూడు, సూడు. అరవై ఐదు అంగుళాలు. నలుగురు మొయ్యల్లన్నాడు అంగడాయన. నేనొక్కణ్ణే నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి... సరేలే. నలుగురే మోసినారు. ఒక కొస మీ ఆయనే పట్టుకున్నాడు. ఈ పొద్దు నేను అబద్ధం చెప్పకూడదు.

కానీ బొమ్మ మాత్రం అబద్ధం కాదు. ఫోర్-కే అంటారు దాన్ని. ఇంటికి ఫైబర్ వైరు లాగించి దాంట్లో నుంచి దించుకుంటే, బౌలరు మెడ మీద చీమ పాకితే అది ఆడదో మగదో చెప్పేస్తాను నేను. నగరి మొత్తం మీద మొదటి ఫోర్-కే నాదే. జిల్లా మొత్తం మీద. రాయలసీమ... సరేలే, వదిలెయ్.

మ్యాచ్ ఉంటే ఆదివారం మన వీధిలో మరమగ్గాలన్నీ ఆగిపోయేవి కదా! ఈ హాల్లో అరవై మంది కూర్చునేవాళ్ళని ఊరంతా చెప్పుకున్నాను. పట్టేది పన్నెండు మంది. వాళ్ళ నడమ నేను. కండ్లు మూసుకునేవాణ్ణి. చెయ్యి ఎత్తేవాణ్ణి. 'వస్తా ఉండాది... సిక్సు!' అనేవాణ్ణి. నలభై లెక్కపెట్టే లోపల బంతి పోయి జనంలో పడేది. 'వీడు పోయినాడు' అంటే పోయినట్టే. నువ్వూ గడపలో నిలబడి సూసినావు కదా, ఒక్కటన్నా తప్పిందా?

ఎందుకు తప్పలేదో చెప్తాను. విన్నాక ఆ కొబ్బరికాయ నా నెత్తినే కొట్టు.

వంటింట్లో మీ అత్త ఉండాది కదా, చంద్రకాంతమ్మ. ఆమె తావ పాత టీవీ ఒకటి ఉండాది, బుడ్డది. మిద్దె మీద డిష్ నుంచి వైరు దానికే పోతాది. ఆ బొమ్మ మసక, కానీ బిన్నా, ముందే వస్తాది. నా బొమ్మ అద్దం, కానీ ఆలస్యం. నలభై సెకన్లు. ఏందిరా ఇది అని వైరు పెట్టిన జోయల్‌ని నిలదీసినాను. 'పెద్ద బొమ్మ కదా తాతా, ముక్కలు చేసి, మూటలు కట్టి, వైర్లో పంపించి, మీ ఇంట్లో మళ్ళీ ఒకటిగా చేర్చల్ల. మీరు సూసే లోపల ఆడ అంతా అయిపోయి ఉంటాది' అన్నాడు.

అర్థమైందా? నేను జరగబోయేది చెప్పలేదు అమలా. జరిగిపోయింది చెప్పినాను.

మీ అత్తకు చెవులు వినపడవు, నీకు తెలిసిందే. ముప్పై ఏండ్లు మరమగ్గాల నడమ నిలబడింది, ఆ శబ్దమే తినేసింది వాటిని. టీవీని మూగదాన్ని చేసి, బొమ్మ సూస్తా వంట చేసుకుంటాది. క్రికెట్టంటే ప్రాణం. ఈ పెద్ద టీవీ పెట్టిన మొదటి రోజు, ఆమె మెచ్చిన ఆటగాడు ఔటైనాడని చేతిలో పళ్ళెం వదిలేసింది. ఈడ మా బొమ్మలో వాడు ఇంకా గ్లౌజులు సర్దుకుంటా ఉండాడు. 'ఈ బంతికి పోతాడు' అనేసినాను, ఊరికే, తమాషాకు. పోయినాడు! పన్నెండు మంది నోళ్ళు తెరుచుకుని నా పక్క తిరిగినారు.

ఆ సూపు ఉండాది సూడు... బ్రేకులు పోయిన బస్సును ఘాటులో ఒట్టి గేర్లతో దించినానే, ఒక్కరి చేతిలో కాఫీ తొణకలేదే, ఆ పొద్దు కూడా నన్ను ఎవురూ అట్ల సూడలేదు.

అంతే. మొగుడూ పెండ్లాం గుట్టుగా మాట పెట్టుకున్నాం. గరిటె గిన్నెకు ఒకసారి తగిలితే ఫోరు. రెండుసార్లయితే సిక్సు. పళ్ళెం పడితే వికెట్టు. 'పెద్దమ్మకు చేతులు వణకతా ఉండాయి, పట్టు జారని గిన్నెలు కొనియ్యి పెదనాయనా' అని మీ ఆయనే ఎగతాళి చేసేవాడు. గుర్తుందా?

నువ్వు నవ్వలేదే.

నమ్మలేదా? ఉండు. బుధవారం మీ ఆయన పడిపోయిన కాడి నుంచి నేను తలుపు గడియ తీయలేదు. నీ కోసరమే తీసినాను. జనం రావడం లేదని మీ అత్తకు చెప్పలేదు. ఈ పొద్దు మ్యాచ్‌కు కూడా హాలంతా జనమే అనుకుని తన పని తాను చేస్తానే ఉండాది, పాపం. గమ్మునుండి విను...

అదిగో! గరిటె. ఒకసారి. ఇప్పుడు బొమ్మ సూడు, బౌలరు ఇంకా వెనక్కి నడుస్తా ఉండాడు. లెక్కపెట్టు.

ముప్పై ఆరు... ముప్పై ఏడు... కొట్టినాడు. పోతా ఉండాది, పోతా ఉండాది... ఫోరు!

సూసినావా? ఇదే నా వాక్కు. రెండు టీవీలు, ఒక గరిటె.

ఎందుకమ్మా అట్ల తల అడ్డంగా ఊపుతావు? ఇంకా ఉండాది, విను. అసలుది ఇంకా నోట్లోనే ఉండాది.

జనం బంతులతో ఆగినారా? మగ్గం మోటారు బాగవుతాదా, పరీక్ష పాసవుతామా, అన్నీ నన్నే అడగబట్టినారు. నోటికొచ్చింది చెప్పినాను. నిజమైంది గుర్తు పెట్టుకున్నారు, కానిది మరిచిపోయినారు. తప్పిపోయిన మేక తూర్పున ఉండాదన్నాను. పడమర దొరికింది. 'మునిరత్నం చెప్పినాడు, దొరికింది' అన్నారు! నేనేమన్నా కాదన్నానా? మీసం దువ్వుకున్నాను.

మొన్న ఆదివారం. కడాఖరు ఓవరు. మీ ఆయన ఈడనే, నా కుర్చీకి ఆనుకుని కూర్చున్నాడు. 'పెదనాయనా, ఎద మంటగా ఉండాది. ఎడం చెయ్యి లాగతా ఉండాది. ఆస్పత్రికి పోదునా?' అన్నాడు.

నాకు వినపడింది. నేను చెవిటోణ్ణి కాదు. కానీ నా చెవి వంటింట్లో ఉండాది, గరిటె కోసరం. టీవీ మీద నుంచి కన్ను తిప్పకుండానే అన్నాను: 'నీకేం కాదు పో. మజ్జిగ తాగి పండుకో. ఇది నా వాక్కు.' అంతలో పళ్ళెం పడింది. 'ఔట్!' అని అరిచినాను. అందరూ లేచి గంతులేసినారు. వాడూ లేచినాడు. ఎద రుద్దుకుంటానే నవ్వినాడు.

ఆ బౌలరు నుదుటి మీద చెమట చుక్కలు ఎన్నో ఇప్పుడడిగినా చెప్తాను. మూరెడు దూరంలో మీ ఆయన చొక్కా తడిసి ముద్దయింది. నేను సూడలేదమ్మా.

సోమవారం మజ్జిగ. మంగళవారం మజ్జిగ. బుధవారం మగ్గం తావ పడిపోయినాడు.

ఇప్పుడు కొట్టు. కొబ్బరికాయ అందుకో.

ఏందంటా ఉండావు? రవ్వంత గట్టిగా చెప్పు.

'చెడ్డది ఏదో కనపడింది, అందుకే నాకేం తెలీదని తప్పించుకుంటా ఉండావు' అనా?

అయ్యో! చిరుతపులి ఘాటులో నా బస్సుకు దండం పెట్టి దోవ ఇచ్చిందంటే నమ్మినారే! డెబ్బై రెండేండ్లకు ఒక్క నిజం చెప్తే నమ్మరే! గరిటె సూపించినాను కదా? ఫోరు సూపించినాను కదా? అది ఆ చెడ్డది దాచేదానికి ఆడిన నాటకమంటావా?

అంటే... నాకేం తెలీదని నేననే కొద్దీ, ఆయన బతకడని నీకు వినపడతా ఉండాదా?

బతకనప్పుడు కోయించేది ఎందుకు, ఇంటికి తెచ్చుకుంటా, అంటావా? లేవొద్దు. కూర్చో. కూర్చోమంటా ఉండానా!

సరే. సూడు, కండ్లు మూసుకున్నాను. చెయ్యి ఎత్తినాను. గమ్మునుండు.

కనపడతా ఉండాది. మన వీధి. మగ్గాలు ఆడతా ఉండాయి. వెంకటముని నడిచి వస్తా ఉండాడు, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని, లోపల కోత గాటు కనపడకుండా. 'గిన్నెలు కొన్నావా పెదనాయనా' అంటా ఉండాడు. ఆపరేషను అయిన మనిషి అమలా. అయితేనే ఆ నడక. సంతకం పెట్టు. ఇదే నా వాక్కు. సూడు, తాంబూలం తీసుకున్నాను, ఈ చేత్తోనే.

ఆ... ఇప్పుడు వచ్చింది నీ మొగాన రవ్వంత నెత్తురు. దేవుడా.

పో. స్టాండులో బస్సు పెట్టి ఉంటారు. కుడి పక్క కిటికీ తావ కూర్చో, ఈ టైములో ఎండ ఎడమ పక్కే కొడతాది. ఎక్కినాక మీ ఆడబిడ్డకు ఫోను చేసి చెప్పు, వస్తా ఉండానని. చెప్పులేసుకో.

ఏందా శబ్దం?

పళ్ళెం. అవును, పళ్ళెమే. నువ్వెందుకట్ల గడప పట్టుకున్నావు? వికెట్టమ్మా, వికెట్టు! చెప్పినాను కదా, పళ్ళెం పడితే వికెట్టే. ఎవుడో ఔటైనాడు. మనోడే పోయినాడేమో. పోనీ! జట్టు మొత్తం పోనీ, నాకేం! ఉండు, సూసే పో. వాడు ఔటైతే అది శకునం కాదు, నా దొంగాటేనని తేలిపోతాది, నీకే భయమూ ఉండదు. లెక్కపెట్టు.

పది... పదిహేను... బౌలరు బంతి తుడుచుకుంటా ఉండాడు... ఇరవై ఎనిమిది... పరిగెత్తినాడు... ముప్పై మూడు...

ఆగిపోయింది.

బౌలరు గాల్లో ఉండాడు, కాలు నేలకు ఆనలేదు. నడమ సున్నా తిరగతా ఉండాది. ఈ ముండా వైరు! ఇన్నాళ్ళు ఎప్పుడన్నా ఆగిందా? ఇప్పుడేనా?

మే చంద్రకాంతా! ఔటేనా మే? ఔటేనా?

వినపడదు ఆమెకు.

వంటింట్లోకి పోయి అడగొచ్చు కదా అని నీ కండ్లు అడగతా ఉండాయి. పది అడుగులు. మోకాళ్ళని చెప్పొచ్చు నేను. మోకాళ్ళు కాదమ్మా. పోతే తెలిసిపోతాది. 'ఎవుడూ ఔట్ కాలేదు, ఊరికే చెయ్యి జారింది' అని ఆమె అంటే? నా వాక్కు ఒట్టి గరిటె శబ్దమని ఈ భూమ్మీద అందరికన్నా బాగా తెలిసినోణ్ణి నేనే. నాకే కాళ్ళు రావడం లేదు.

నువ్వూ పోవద్దు. అడగొద్దు. ఆడ జరిగేది జరిగిపోయి ఉంటాది, ఇంకా మనదాకా రాలేదు, అంతే. ఏదైనా కానీ, సంతకం మాత్రం పెట్టు. హారను కొడతా ఉండాడు, విన్నావా? నగరి స్టాండులో మూడోసారి హారను కొడితే ఇంక నిలబడడు. పరిగెత్తు.

పోయినావా? గేటు పడింది. పోయినట్టే ఉండావు.

సున్నా ఇంకా తిరగతానే ఉండాది.

నాకేం తెలుసమ్మా. నేను బస్సు తోలినోణ్ణి.